డోనర్ ఎగ్ ఐవీఎఫ్, బెంగళూరు: మూడున్నర స్టార్ల రివ్యూ

ఐవీఎఫ్ సెంటర్ల రివ్యూలు ఏవి తెరిచినా ఒకటే తంతు. కడుపు నిలిచినవాళ్ళు ఐదు స్టార్లు వేసి డాక్టరమ్మ దేవత అని రాస్తారు. నిలవనివాళ్ళు ఒక స్టార్ వేసి దోపిడీ అని రాస్తారు. రిజల్ట్ పక్కన పెట్టి, అక్కడ ఏం బాగా చేశారు, ఏం చేయలేదు అని చెప్పేవాళ్ళు దొరకరు. నేను వెతికినప్పుడు నాకు దొరకలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

రిజల్ట్ ముందే చెప్పేస్తాను, ఇదేమీ సీరియల్ కాదు. మొదటి ట్రాన్స్‌ఫర్ (ల్యాబులో తయారైన ఎంబ్రియోని, అంటే పిండాన్ని, గర్భసంచిలో పెట్టడం) నిలవలేదు. రెండోది నిలిచింది. ఇప్పుడు ఐదో నెల. కానీ ఈ రివ్యూలో చాలా భాగం మొదటిది పోయిన వారంలోనే రాసిపెట్టుకున్నది. రెండోది నిలిచాక స్టార్లు పెంచలేదు.

సెంటర్ పేరు రాయను. డోనర్ విషయం, అంటే వేరే ఆమె ఇచ్చిన ఎగ్ (అండం) వాడామన్నది, మా ఇంట్లో నలుగురికి తప్ప తెలియదు. పేరు రాస్తే ఇది ఎవరి ఫైలో వాళ్ళు ఇట్టే పట్టేస్తారు. జయనగర్ వైపు అని మాత్రం చెప్పగలను. నా ఉద్యోగం పీణ్యాలో, అక్కణ్ణుంచి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా వెళ్ళిపోవచ్చు. సెంటర్ ఎంచుకోవడానికి అది కూడా ఒక కారణమే. స్కాన్ కోసం పొద్దున్నే పరుగెత్తేవాళ్ళకి తెలుస్తుంది ఆ విలువ.

మాది మదనపల్లె. పెళ్ళయ్యాక బెంగళూరు. కంపెనీలో పర్చేజ్ డిపార్ట్‌మెంట్ నాది. మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి, అందులో ఏం రాశారన్నది కాక ఏం రాయలేదో చూడటమే నా పని. వయసు 41. ఏఎంహెచ్ (అండాశయాల్లో ఎగ్స్ ఎన్ని మిగిలాయో చెప్పే రక్తపరీక్ష) 0.3, చాలా తక్కువ. సొంత ఎగ్స్‌తో ప్రయత్నం అయింది, ఎంబ్రియో దాకానే రాలేదు. అప్పుడు డాక్టర్ గారు సూటిగా చెప్పారు: "మీ గర్భసంచికి ఏం ఢోకా లేదమ్మా. ఇబ్బందంతా ఎగ్స్ దగ్గరే. డోనర్ గురించి ఆలోచించుకోండి." ఆ మాట మింగుడు పడటానికి మాకు కొన్ని నెలలు పట్టింది. అది ఈ రివ్యూలో విషయం కాదు కనుక వదిలేస్తున్నాను.

ముందు ఆ డోనర్ షీట్ సంగతి. కోఆర్డినేటర్ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ తెచ్చి ముందు పెట్టింది. ఒక్కో పేజీకి ఒక్కో డోనర్. పేరు ఉండదు, ఫొటో ఉండదు, కోడ్ నంబర్ మాత్రమే. దాని కింద వరసగా ఎత్తు, బరువు, ఒంటి రంగు, జుట్టు, కళ్ళు, చదువు, మాతృభాష, బ్లడ్ గ్రూప్. రంగు దగ్గర "వీటిష్ ఫెయిర్" అని టైపు చేసి, పక్కన ఎవరో పెన్సిల్‌తో "గుడ్" అని రాశారు. చివర్లో హాబీలు: డ్యాన్స్, టైలరింగ్. అచ్చం పెళ్ళిసంబంధానికి పంపే బయోడేటా. కట్నం కాలమ్ ఒక్కటే తక్కువ.

ఎదురుగా కూర్చున్న ఆ అమ్మాయి ఎంతో ఓపికగా, "మేడమ్, మీ రంగుకి ఈ రెండు మ్యాచ్ అవుతాయి, సర్ హైట్‌కి ఇది బాగుంటుంది" అని చెప్పుకుపోతోంది. బ్లడ్ గ్రూప్ మీదైతే పావుగంట మాట్లాడింది. నేను అడిగాను, "వీటిలో ఏది చూస్తే నాకు కడుపు నిలిచే అవకాశం ఎక్కువ?" అని. ఆ అమ్మాయి ఫోల్డర్ వైపు చూసింది. "అవన్నీ డాక్టర్ చూసుకుంటారు మేడమ్" అంది.

నా కంప్లయింట్ మొత్తం ఆ ఒక్క జవాబు మీదే. రంగు, ఎత్తు, చదువు, బ్లడ్ గ్రూప్, వీటిలో ఏదీ కడుపు నిలవడాన్ని మార్చదు. బిడ్డ మనింట్లో కలిసిపోవాలని కొందరు చూసుకుంటారు, అది వాళ్ళిష్టం, తప్పుపట్టను. నెగెటివ్ గ్రూప్ ఉన్న తల్లయితే ఆర్‌హెచ్ (రక్తం పాజిటివా, నెగెటివా) సంగతి డాక్టర్ గుర్తు పెట్టుకోవాలి, అది కూడా కడుపు నిలిచాక జాగ్రత్త కోసమే. నిలవడానికి పనికొచ్చే వివరాలు వేరే ఉన్నాయి. అవి ఆ ఫోల్డర్‌లో లేవు, లోపలి ఫైల్లో ఉన్నాయి. అడిగితేనే తీస్తారు.

అన్నిటికంటే పెద్దది డోనర్ వయసు. ఆశ్చర్యంగా షీట్ మీద అది సరిగ్గా లేదు, "23–30" అని ఒక రేంజ్ వేశారు. మన దేశంలో ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం డోనర్‌కి 23 నుంచి 35 ఏళ్ళు ఉండాలి. ఈ రేంజ్ లోపల కూడా అంతా ఒకటి కాదు కదా అని నాకు అనుమానం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో రికార్డులన్నీ తీసి చూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. డోనర్ వయసు 30 లోపు ఉన్నా, 30–34 మధ్య ఉన్నా, బిడ్డ పుట్టినవాళ్ళు వందకు 43 నుంచి 45 మంది దాకా ఉన్నారు. పెద్ద తేడా లేదు. 35–37కి వచ్చేసరికి అది 34 దగ్గరికి, 38–40కి 23 దగ్గరికి పడిపోయింది. 41, ఆ పైన అయితే ఐదు. అంటే ఇరవై మూడేళ్ళ డోనర్ కావాలని అదనంగా డబ్బు కట్టడం దండగ, ముప్పై ఒకటి అని భయపడటమూ దండగే. మా సెంటర్‌లో "ప్రీమియం డోనర్" అని ఒక కేటగిరీ ఉంది. ఏముంది అందులో అంటే వయసు తక్కువ, ఎత్తు ఎక్కువ, డిగ్రీ. రేటు బాగానే ఎక్కువ. నేను వద్దన్నాను.

మరి నా వయసో? నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ దీని మీదే. నలభై దాటిన గర్భసంచిలో ఇరవై ఆరేళ్ళ ఎగ్ నిలుస్తుందా? నిలుస్తుందనడానికి ఆధారం ఇప్పటిది కాదు. 1990లోనే అమెరికాలో సావర్, పాల్సన్, లోబో అనే డాక్టర్లు నలభై దాటిన ఆడవాళ్ళకి డోనర్ ఎగ్స్‌తో చేసి చూపించి రాశారు. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఏటా వేస్తూ వచ్చిన లెక్కల్లో కూడా సొంత ఎగ్స్ గీత వయసుతో పాటు జారుతూ కిందికి వస్తుంది, డోనర్ ఎగ్స్ గీత దాదాపు అడ్డంగా సాగుతుంది. ఆ గ్రాఫ్ చూశాక నాకు మొదటిసారి రాత్రి నిద్రపట్టింది. ఈ గ్రాఫ్ ప్రింటు తీసి వెయిటింగ్ హాల్లో అంటించొచ్చు కదా, నవ్వుతున్న తెల్లతోలు పాపాయి ఫొటోలు అన్ని పెట్టే బదులు!

ఇక రెండో సంగతి, ఎగ్స్ ఎన్ని అన్నది. ఇక్కడ చట్టం తెలియకపోతే మోసపోతాం. మన చట్టం ప్రకారం ఒక డోనర్ జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు ఎగ్స్‌కి మించి తీయకూడదు, ఒక డోనర్ ఎగ్స్ ఒక్క జంటకే ఇవ్వాలి. ఇది తెలిశాక నేను పాత కొటేషన్లు మళ్ళీ తీశాను. ఇంకో సెంటర్ వాళ్ళు (దాని పేరూ రాయను) "పది నుంచి పన్నెండు ఎగ్స్ గ్యారంటీ" అన్నారు. ఎక్కణ్ణుంచి తెస్తారు? మరొకరు "షేర్డ్ డోనర్ తీసుకుంటే సగం రేటు" అన్నారు. అది అసలు కుదరదు. "ప్రూవెన్ డోనర్" అనే మాట అందరూ వాడతారు. విదేశాల్లో ఆ మాటకి అర్థముంది, ఆమె ఇంతకుముందు ఇచ్చిన ఎగ్స్‌తో ఎవరికో బిడ్డ పుట్టింది అని. ఇక్కడ ఒక్కసారే ఇవ్వాలన్నప్పుడు ఆ మాటేంటి? అడిగితే "ఆమెకి సొంత బిడ్డ ఉంది మేడమ్" అన్నారు. సరే, అలా అయితే ఒప్పుకోవచ్చు. "ఇంతకుముందు కూడా ఇచ్చింది" అన్న జవాబొస్తే లేచి వచ్చేయండి.

ఇదే లెక్కన డోనర్ ఏఎంహెచ్ గురించి కూడా. "ఈ డోనర్ ఏఎంహెచ్ 6 మేడమ్, సూపర్" అని చెప్పారు. ఏఎంహెచ్, అల్ట్రాసౌండ్‌లో కనబడే చిన్న ఫాలికిల్స్ (ఎగ్స్ పెరిగే సంచులు) లెక్క, రెండూ ఎన్ని ఎగ్స్ వస్తాయో చెబుతాయి. ఎగ్ మంచిదా కాదా చెప్పవు. ఏడుకి మించి తీయకూడదన్నప్పుడు ఆరున్నా మూడున్నా నాకేం లాభం? మరీ ఎక్కువున్న అమ్మాయికి ఇంజెక్షన్లిస్తే ఓవరీలు ఉబ్బి, కడుపులో నీరు చేరే ప్రమాదం ఆమెకే ఎక్కువ. ఈ మాట డాక్టర్ గారితో అంటే ఆవిడ నవ్వి, "నిజమే, మామూలుగా ఉంటే చాలు" అన్నారు. మరి కోఆర్డినేటర్‌కి ఎందుకు చెప్పలేదో!

బరువు సంగతి కూడా అడిగాను. 2016లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో డోనర్ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) పెరిగేకొద్దీ తీసుకున్నవాళ్ళకి బిడ్డ పుట్టే శాతం తగ్గింది. తేడా ఏమీ లేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి దాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు. దానికంటే నా బరువు ముఖ్యమని డాక్టర్ గారు నా వైపే తిప్పారు. స్పెయిన్‌లో మామూలు బరువున్న డోనర్ల ఎగ్స్ వాడిన 9,587 సైకిల్స్ (ఒక్కో విడత చికిత్స ఒక సైకిల్) చూసి 2013లో రాసినదాంట్లో, ఎగ్ తీసుకునే ఆమె ఊబకాయం ఉంటే నిలిచే శాతం తగ్గింది. ఎగ్ బాగానే ఉంది, తేడా వచ్చింది గర్భసంచి దగ్గర. "నాలుగు కిలోలు తగ్గి రండి, అప్పుడు మొదలుపెడదాం" అన్నారు. ఆ నెల ఫీజు వదులుకుని మరీ నన్ను వెనక్కి పంపిన సెంటర్ ఇది. ఆ అర స్టార్ దానికే.

ఇప్పుడు అత్తయ్య గారి సంగతి. ఆవిడ డోనర్ అన్నదానికి ఒప్పుకోవడమే గొప్ప, నేను అది మరచిపోను. ఒక్కటే అడిగారు: "అమ్మాయ్, మనవాళ్ళ పిల్లయితే బాగుంటుంది కదా." కోఆర్డినేటర్ వెంటనే "దొరుకుతారు మేడమ్, కొంచెం టైమ్ పడుతుంది, కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది" అంది. ఈ డిమాండ్ వాళ్ళకి బాగా అలవాటే అన్నమాట.

దీని మీద జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర కూర్చున్న గంట నాకు ఈ సెంటర్‌లో బాగా నచ్చిన గంట. అనంతపురం అమ్మాయి, తెలుగులోనే చెప్పింది. డోనర్, మా ఆయన, ఈ ఇద్దరి జీన్స్ కలిసి బిడ్డ అవుతుంది. నావి కలవవు. కొన్ని జబ్బులు ఇద్దరి వైపు నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడతాయి. తరతరాలుగా వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకున్న కులాల్లో ఒకే లోపం చాలామంది దగ్గర దాగి ఉంటుంది. ఆమె చెప్పిన ఉదాహరణ మన తెలుగువాళ్ళదే. వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు వాళ్ళకి పడదు, దాని ప్రభావం గంటల తరబడి దిగదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా కలిసి 2017లో రాసిన అధ్యయనంలో ఇలాంటి సముదాయాల లెక్క ఉంది. "అంటే మనవాళ్ళే కావాలని వెతికి తెచ్చుకుంటే, ఆ లోపం రెండు వైపులా ఉండే అవకాశం మనమే పెంచుకున్నట్టు ఆంటీ" అని అత్తయ్యతో అంది. అత్తయ్య కాసేపు ఆలోచించి, "అయితే ఎవరైనా సరే, ఆ పిల్ల ఆరోగ్యంగా ఉంటే చాలు" అన్నారు. నేను మూడు నెలలు చెప్పినా అయ్యేది కాదు.

కానీ ఆ కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ప్యాకేజీలో లేదు. వేరుగా అడిగి, వేరుగా డబ్బు కట్టి తీసుకున్నది. అందరికంటే ముందు కూర్చోబెట్టాల్సిన మనిషిని చివర్లో, అడిగినవాళ్ళకి మాత్రమే చూపిస్తారు.

డోనర్ ఫైల్లో ఉండాల్సిన పరీక్షలు అక్కడే తెలిశాయి. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ ఎలాగూ చట్టప్రకారం చేస్తారు. తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తహీనత జబ్బు) కోసం హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేశారా అడగండి. షీట్ మీద హీమోగ్లోబిన్ 12.1 అని ఉంటే సరిపోదు, క్యారియర్ (జబ్బు బయటపడకుండా లోపం మాత్రం మోసే మనిషి) అయినా హీమోగ్లోబిన్ మామూలుగానే కనబడొచ్చు. మాకు ముందు చూపించిన డోనర్ ఫైల్లో అది లేదు. చేయించమంటే చేయించారు, మా ఆయనకీ చేయించాం. ఇద్దరికీ లేదు.

తాజా ఎగ్సా, ఫ్రీజ్ చేసినవా అన్నది తర్వాతి ప్రశ్న. బ్యాంకులో ఫ్రీజ్ చేసినవైతే వచ్చే నెలే మొదలు, రేటూ తక్కువ. తాజావైతే డోనర్‌కి, నాకు డేట్లు కలపాలి, నెలా రెండు నెలలు ఆగాలి. సెంటర్ వాళ్ళు ఫ్రీజ్ వైపే నెట్టారు. 2015లో అమెరికా మెడికల్ జర్నల్ జామాలో వచ్చిన లెక్క చూశాను. 2013 నాటి అక్కడి సెంటర్ల రికార్డుల్లో తాజా ఎగ్స్‌తో మొదలుపెట్టినవాళ్ళలో సుమారు వందకు 50 మందికి, ఫ్రీజ్ చేసినవాటితో 43 మందికి బిడ్డ పుట్టింది. అది పాత లెక్కే, ల్యాబుని బట్టి మారుతుంది. అందుకే నేను అడిగింది ఒకటే: "మీ ల్యాబులో కరిగించాక వందకు ఎన్ని బతుకుతాయి?" నంబర్ చెప్పలేదు. "చాలా బాగా వస్తాయి" అన్నారు. మా కంపెనీలో సప్లయర్ ఎవరైనా ఇలా చెబితే టీ ఇచ్చి పంపేస్తాం. ఉన్నవే ఏడు, అందులో కరిగించేటప్పుడు ఒకటీ రెండూ పోతే నష్టం నాదే. తాజావే కావాలన్నాను.

డోనర్ విషయంలో ఇంకోటి. ఆమె పేరు మీద పన్నెండు నెలల ఇన్సూరెన్స్ మేమే కట్టాలని చట్టం. ప్యాకేజీ కాగితంలో "డోనర్ ఛార్జెస్" అని ఒకే గీత కింద అన్నీ కలిపేశారు. పాలసీ కాపీ అడిగాను. పేరు కనబడకూడదు కదా మేడమ్ అన్నారు. పేరు కొట్టేసి ఇవ్వండి అన్నాను. వారం తిప్పించుకుని ఇచ్చారు. నాకు తెలిసినంతలో ఆమెకి 26 ఏళ్ళు, ఒక బిడ్డ తల్లి. అంతకంటే తెలుసుకునే హక్కు నాకు లేదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకుని, మత్తులో ఎగ్స్ తీయించుకునేది ఆమె. ఆ పాలసీ నిజంగా ఉందో లేదో చూడటం మన బాధ్యత. మీరూ అడగండి, ఈ ఒక్కటి మొహమాటపడకండి.

ఇక ల్యాబ్. ఇక్కడ నిజంగా మెచ్చుకోవాలి. ఎంబ్రియాలజిస్ట్ (ల్యాబులో ఎంబ్రియోల్ని చూసుకునేవారు) తనే ఫోన్ చేసి చెప్పారు. మొదటి రోజు: ఏడు తీశాం, అందులో ఆరు పరిపక్వమైనవి. మర్నాడు: ఇక్సీ (ఒక్కో ఎగ్‌లోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేస్తే ఐదు ఫలదీకరణ అయ్యాయి. మూడో రోజు: ఐదూ నడుస్తున్నాయి, ఒకటి నెమ్మది. ఐదో రోజు: మూడు బ్లాస్టోసిస్ట్‌లు (ఐదు రోజులు పెరిగిన ఎంబ్రియోలు), గ్రేడ్లు చూస్తే ఒకటి 4ఏబీ, రెండు 4బీబీ. "ఏడులో మూడంటే బాధపడకండమ్మా, ఇది మంచి లెక్కే" అన్నారు. నేను ఫోన్ పక్కనే కాగితం పెట్టుకుని రాసుకునేదాన్ని. డోనర్ షీట్లో ఏ కాలమూ చెప్పని సంగతి ఈ నాలుగు ఫోన్లు చెప్పాయి. ఎవరైనా నన్ను ఏ సెంటర్ మంచిదని అడిగితే డాక్టర్ పేరు కంటే ముందు ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేసి నంబర్లు చెబుతారా అని అడగమంటాను.

రెండు పెట్టేయమని మా ఆయన అడిగారు, ఎలాగూ డబ్బు పెట్టాం కదా అని. డాక్టర్ గారు ఒప్పుకోలేదు. ఇరవై ఆరేళ్ళ ఎగ్‌తో వచ్చిన ఎంబ్రియో, రెండూ నిలిస్తే కవలలు, నలభై ఒకటేళ్ళ ఒంటికి అది భారం. అసలే డోనర్ ఎగ్ కడుపుల్లో బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చే ప్రమాదం మామూలు ఐవీఎఫ్ కంటే ఎక్కువ. ఆ మాట ఆవిడ ముందే చెప్పారు. నాకు ఇప్పుడు తక్కువ డోసు ఆస్పిరిన్ నడుస్తోంది, ఇంట్లో బీపీ మెషిన్ కొనిపించారు. ఒక్కటే పెట్టారు. నిలవలేదు.

అప్పుడు వచ్చాయి ఎక్స్‌ట్రాలు. డాక్టర్ గారు కాదు, బిల్లింగ్ పక్కనున్న "ఫెర్టిలిటీ అడ్వైజర్" అనే ఆయన. ఈసారి ఈఆర్ఏ టెస్ట్ చేయిద్దాం, గర్భసంచి తలుపు ఏ గంటకి తెరుచుకుంటుందో తెలుస్తుంది అన్నారు. జామాలో 2022లో వచ్చిన ట్రయల్‌లో, ఆ టెస్ట్ చూసి టైమ్ మార్చినవాళ్ళకి, మార్చనివాళ్ళకి బిడ్డ పుట్టే శాతంలో మెరుగేమీ కనబడలేదు. మిగిలిన ఎంబ్రియోలకి జెనెటిక్ టెస్ట్ కూడా అన్నారు. చిన్న వయసు ఎగ్స్‌లో క్రోమోజోముల తేడాలు తక్కువ, దానికి మనం కట్టే డబ్బుకి వచ్చేదీ తక్కువే. డాక్టర్ గారినే నేరుగా అడిగితే, "ఒక్కసారి నిలవకపోతే ఇవన్నీ అక్కర్లేదు, హిస్టెరోస్కోపీ చేసి లోపల చూద్దాం" అన్నారు. చిన్న పాలిప్ (కండ లాంటి పెరుగుదల) ఉంది, తీసేశారు. తర్వాత ఎస్ట్రోజెన్ మాత్రలు, గర్భసంచి లోపలి పొర ఎనిమిది మిల్లీమీటర్లు దాటాక ప్రొజెస్టెరాన్, ఫ్రీజర్‌లో ఉన్న 4బీబీ. నిలిచింది. పాలిప్ వల్లేనా? ఎవరూ చెప్పలేరు. డాక్టర్ గారూ చెప్పలేదు, అందుకే ఆవిడంటే నమ్మకం.

ఒకే సెంటర్‌లో లోపల డాక్టర్ ఒక మాట, బయట అడ్వైజర్ ఒక మాట. స్టార్లు కోసింది ఇక్కడే.

మిగతావి టూకీగా. వెయిటింగ్ ఎక్కువ, టోకెన్ సిస్టమ్ పేరుకే. కుర్చీలు బాగుంటాయి. కన్సెంట్ ఫారాలు ఇంగ్లిష్, కన్నడలోనే ఉన్నాయి, తెలుగు లేదు. ఇంజెక్షన్ గదిలో ముళబాగిలు నుంచి వచ్చే సిస్టర్ ఉంది, "అక్కా, ఇది ఇట్ల చదువుకో" అని ఒక్కో లైనూ తెలుగులో చెప్పింది. బిల్లు నాలుగు లక్షలు దాటింది, మొదట చెప్పింది మూడు చిల్లర. తేడా అంతా "ప్యాకేజీలో లేదు" అన్న వాటివల్లే. రిజిస్ట్రేషన్ ఉందో లేదో నేషనల్ ఏఆర్‌టీ అండ్ సరోగసీ రిజిస్ట్రీ సైట్లో చూడొచ్చు, సెంటర్‌కి, ఎగ్ బ్యాంకుకి వేరువేరుగా చూడండి. మావాళ్ళకి రెండూ ఉన్నాయి. పుట్టే బిడ్డ చట్టం కళ్ళకి అచ్చంగా మన బిడ్డే, ఆస్తి హక్కులతో సహా. మామయ్య అడిగిన ఒకే ఒక ప్రశ్న అది.

కడుపు నిలిచాక జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక పొర మందం చూసేది), రక్తపరీక్ష కలిపి డౌన్ సిండ్రోమ్ రిస్క్ లెక్క కడతారు. ఆ లెక్క తల్లి వయసుతో మొదలవుతుంది. డోనర్ ఎగ్ అయితే ఎగ్ తీసిన రోజున డోనర్ వయసు వేయాలి. నా 41 వేస్తే మొదట్లోనే వందకి ఒకటి దాటిన రిస్క్. పాతికేళ్ళ వయసుకి అది పన్నెండు వందల యాభైలో ఒకటి. సెంటర్ వాళ్ళు ఇచ్చిన సమ్మరీలో "ఐవీఎఫ్ ప్రెగ్నెన్సీ" అని మాత్రమే ఉంది, డోనర్ అన్న మాటే లేదు. గోప్యత కోసం అట. స్కానింగ్ సెంటర్ ఫారంలో మాత్రం ఎగ్ డోనర్ వయసుకి వేరే గడి ఉంది! అడిగి, సీల్డ్ కవర్‌లో ఒక లెటర్ తెప్పించుకున్నాను. తెప్పించుకోకపోతే లేనిపోని భయంతో ఉమ్మనీరు తీసే సూది పరీక్ష దాకా వెళ్ళేదాన్నేమో.

ఇంకో ఎంబ్రియో ఫ్రీజర్‌లో ఉంది. చట్టం ప్రకారం పదేళ్ళకి మించి ఉంచకూడదు. మొదటి ఏడాది ఫీజు ప్యాకేజీలో ఉంది, ఆ తర్వాత ఏటా ఎంతో కాగితంలో లేదు. కౌంటర్‌లో అడిగితే "అప్పటి రేటు మేడమ్" అన్నారు. రాతపూర్వకంగా ఇవ్వమని మెయిల్ పెట్టాను. జవాబొస్తే ఆ అంకె కూడా ఇక్కడ చేరుస్తాను.